ఎస్ వంద పాజిటివ్

మే 5, సోమవారం

అచ్యుత్ చేతిలోంచి ఉద్ధరిణి ఈరోజు మళ్ళీ జారింది. ఎదురింటి నాగమణమ్మ దోసిట్లో పడాల్సిన తీర్థం నేలమీద పడింది. "ధ్యాస యాడ పెట్టినవ్ అయ్యగారూ" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. గుళ్ళో నవ్వక ఏం చేస్తాను!

ఇంటికొచ్చాక వాడి కుడిచెయ్యి పట్టుకుని చూశాను. మోచేతి లోపలివైపు చింతగింజంత గడ్డ. దానికింద ముంజేతి మీద పాలిపోయిన మచ్చ. మచ్చమీద గిల్లాను. వాడు నా ముఖమే చూస్తున్నాడు. గట్టిగా గిల్లాను. గోటి ముద్ర పడింది కానీ వాడు చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"ఎప్పటి నుంచిరా ఇది?"

"చలికాలం నుంచి ఉన్నట్టుందమ్మా. నొప్పి లేదు కదా అని చెప్పలె."

ఒళ్ళు మండిపోయింది. నొప్పి లేకపోవడమే జబ్బని వీడికెవరు చెప్తారు? జీవశాస్త్రం టీచరు కడుపున పుట్టి మంత్రాలు తప్ప ఏమీ నేర్వలేదు. మా ఆయన్ని పిలిచి చూపించాను. సత్యనారాయణాచార్యుల వారు కళ్ళజోడు సవరించుకుని, "వేడి చేసిందేమో సులోచనా" అన్నారు. ఈయనకి మోకాళ్ళు పోయి గుడి కొడుక్కి అప్పగించిన నాటినుంచి, లోకంలో ఏం జరిగినా వేడి చేసే జరుగుతుంది.

మచ్చ, స్పర్శ లేకపోవడం. ఎనిమిదో తరగతికి ఆ పాఠం ఎన్నేళ్ళు చెప్పానో. ఆ జబ్బు పేరు ఇక్కడ రాయను.

మే 13

మూసీ అవతల పెద్దాసుపత్రి. సర్జను గడ్డను నొక్కి చూశాడు. నరంమీద గడ్డలాగుంది, మామూలు గడ్డ కావచ్చు, కేన్సరూ కావచ్చు, ముక్క తీసి పరీక్షకి పంపుదాం అన్నాడు. మచ్చలోంచి కూడా ఒక ముక్క తీశారు.

కేన్సరన్న మాట విని కోడలు అభిజ్ఞ ఆటోలో ఒకటే ఏడుపు. బ్యాంకులో వందమందికి జవాబు చెప్పే పిల్ల, ఇక్కడ ముక్కు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఆడలేదు. ఆటో అబ్బాయి అద్దంలో చూసి "రోనా మత్ దీదీ, ఊపర్‌వాలా హై నా" అని, పైవాడున్నాడని ఓదార్చాడు.

నాకు ఏడుపు రాలేదు.

మే 14

గడ్డే అయ్యుండాలి స్వామీ.

మే 15

నిన్న రాసింది మళ్ళీ చదువుకున్నాను. అందులో తప్పేం కనిపించలేదు. ఏ తల్లయినా కొడుకు పరువు కోరుకుంటుంది. గడ్డే అయ్యుండాలి.

మే 21

ముక్కలు చూసిన డాక్టరు పేరు ఇంద్రజ. చిన్నపిల్ల, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు. మామూలు రంగుల్లో తేలక ఇంకో రంగు వేసిందట. నేను సైన్సు టీచర్నని తెలిసి కంప్యూటరు నావైపు తిప్పింది.

"దీన్ని ఎస్ హండ్రెడ్ అంటరు మేడమ్. కాల్షియంను పట్టుకునే ప్రోటీను. నరాల తొడుగుల ఉంటది, చర్మంల రంగు కణాలల్ల ఉంటది, కొన్ని గడ్డలల్ల, కొన్ని కేన్సర్లల్ల కూడ ఉంటది. అది ఎక్కడుంటే అక్కడ గోధుమరంగు ఎక్కుతది."

వంద ఎందుకని అడిగాను. ఆ పరిస్థితిలోనూ అడిగాను, అలవాటు. ఒక ఉప్పు ఇంక కరగనంతగా, నూరుశాతం కలిపిన ద్రావణంలో కూడా అది కరిగే ఉంటుంది కాబట్టి ఆ పేరట. బాగుంది అనిపించింది.

"నరం గడ్డయితే మొత్తం గోధుమరంగు ఎక్కాలె. ఇక్కడ చూడుండ్రి. తునకలు తునకలు. నడుమ రంగు ఎక్కనియి వేరే కణాలు, నరాన్ని కొరికి పారేస్తున్నయి."

"అంటే పాజిటివేనా?"

"నరం తునకలల్ల పాజిటివే. కానీ ఇది గడ్డ కాదు, కేన్సర్ అసలే కాదు. లెప్రసీ. ఒకరకంగ మంచి వార్తే మేడమ్."

మంచి వార్తట! ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. ఆమె మాత్రం చెప్పుకుపోతోంది. మందులు సర్కారు ఆరోగ్యకేంద్రంలో ఉచితంగానే ఇస్తారు, ఆరునెలలు వాడితే నయమవుతుంది, మొదలుపెడితే ఎవరికీ అంటదు. నరం వాచింది కాబట్టి వాపు మందు మాత్రం వెంటనే వెయ్యాలి. "ఇప్పుడు మొదలుపెడితే చెయ్యి దక్కుతది. ఆలస్యం చేసిండ్రనుకోండి, వేళ్ళు వంగిపోతయి, స్పర్శ మళ్ళ రాదు. అది చెయ్యి మేడమ్, పూజారి చెయ్యి."

పూజారి చెయ్యి అని నాకా చెప్తుంది.

బయటికొచ్చాక అచ్యుత్ ముఖం వెలిగిపోతోంది. "కేన్సర్ కాదంట కదమ్మా!" అని పసిపిల్లాడిలా నవ్వాడు. నవ్వకు అన్నాను. ఎందుకు నవ్వకూడదో వాడికి లాల్‌దర్వాజా మలుపు తిరిగేదాకా అర్థం కాలేదు. మా గల్లీలో కేన్సరొచ్చిన అయ్యగారి చేతితీర్థం ఏడుస్తూ మరీ పుచ్చుకుంటారు. ఆ జబ్బొచ్చిన అయ్యగారి నీడ కూడా తొక్కరు. మూర్తిని తాకనివ్వరు. తరాలుగా చేసిన వేణుగోపాలస్వామి కైంకర్యం ఒక మచ్చకి పోతుంది.

మే 22

నేను అబద్ధం ఆడలేదు. ఇది రాసి పెట్టుకోవాలి.

పొద్దున నాగమణమ్మ అరుగుమీద కూర్చుని అడిగింది, "పరీక్షల ఏమొచ్చింది టీచరమ్మా?"

"ఎస్ హండ్రెడ్ పాజిటివ్ వచ్చింది" అన్నాను. అంతే అన్నాను. అది నిజమే.

"గదేంది? కేన్సరా?"

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ ఏడుపు కూడా నిజమైనదే. ఆమె నా చేతులు పట్టుకుని తనూ ఏడ్చింది. మధ్యాహ్నానికల్లా గల్లీ అంతటికీ తెలిసింది. "వందకు వంద పాజిటివ్ వచ్చిందట అయ్యగారికి. పాపం, వంద!" అని ఎవరో అంటుంటే విన్నాను. నూటికి ముప్ఫై అయితే ఏమనేవారో!

మే 24

ఇంటిముందు జనం. అరటిపళ్ళు, కొబ్బరిబోండాలు, ఎవరో విభూది, ఎవరో దర్గా నుంచి తెచ్చిన తాయత్తు. కిషన్‌బాగ్ నుంచి మాకు పాలుపోసే ఆండాలు క్యాను దింపి, గడపమీద కూలబడి ఏడ్చింది. "నా కొడుకు మురళి ఎంతనో నాకు చిన్నయ్యగారు గంతే టీచరమ్మా. ఏ పాలన్న ఇస్త, గేదెపాలు వద్దంటె ఆవుపాలు తెస్త" అంది. ఆమె మొగుడు కొండల్ నెత్తిమీది తుండు తీసి దూరంగా నిలబడ్డాడు.

మనుషులు మంచివాళ్ళే. జబ్బు పేరు మంచిదై ఉండాలంతే.

జూన్ 11

వాపుమందు చీటీ నా పూజగదిలోనే ఉంది. ముందు జబ్బు నిశ్చయం కావాలి కదా. ఆ చిన్నపిల్ల మాటమీద బతుకు తాకట్టు పెడతామా? గాజుపలకల మీద పెట్టిన ఆ ముక్కలు తీసుకుని ఇంకో రెండుచోట్ల చూపించాను. ఒకాయన తల ఊపాడు. ఇంకొకాయన అయితే "ఇంక ఎన్ని తావులు తిరుగుతరమ్మా, ఎవరు చూసిన నరం తునకలే కనిపిస్తయి" అని విసుక్కున్నాడు. "గడ్డ అయ్యే అవకాశం ఒక్కశాతం కూడ లేదా?" అని అడిగాను. ఆయన నన్ను అదోలా చూశాడు. తల్లినని చెప్పానుగా, అలా చూడటం దేనికి?

అచ్యుత్ చిటికెనవేలు చెంబుకి ఆనడం లేదు.

జూన్ 13

ఇవాళ మందులు మొదలయ్యాయి, చీటీలోని వాపుమందుతో సహా. నామీద నిందలేసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. తీసుకెళ్ళింది నేనే.

మా వైపు కేంద్రానికి వెళ్తే గల్లీలో సగంమంది అక్కడే కూర్చుని ఉంటారు. అందుకని కిషన్‌బాగ్ వైపు వెళ్ళాం. కిటికీ దగ్గర అమ్మాయి పేరు అడిగింది. అచ్యుత్ నోరు తెరిచేలోపు నేను "మురళి" అన్నాను. నా స్వామి పేరు అది. నాలుకమీద పొద్దస్తమానం ఉండే పేరు, అదే వచ్చింది. కొండల్ కొడుకు పేరు కూడా అదే కావడం నా తప్పా?

"అడ్రస్?"

"ఇక్కడే, కిషన్‌బాగ్."

"ఇంటి నంబర్ చెప్పుండ్రి, మావోళ్ళు వచ్చి ఇంట్ల అందరిని చూడాలె. చుట్టుపక్కలోళ్ళకు కూడ గోళీలు ఇస్తరు, ముందుజాగ్రత్త."

చుట్టుపక్కల వాళ్ళకి! నాగమణమ్మకి గోళీ ఇచ్చి, ఎందుకో చెప్పి మరీ మింగిస్తారన్నమాట. "నంబరు గుర్తు లేదమ్మా, పాల కొండల్ ఉండే గల్లీ అంటే ఎవరైనా చెప్తారు" అన్నాను. ఆధార్ వచ్చేసారి తెమ్మంది. ఫోను నంబరు చెప్పేటప్పుడు చివరి అంకె తప్పు చెప్పాను.

అచ్యుత్ కిటికీ ఊచలు చూస్తూ నిలబడ్డాడు. వాడికీ ఇష్టమే అన్నమాట.

జూన్ 16

అభిజ్ఞకి తెలిసిపోయింది. వాడే చెప్పుంటాడు. నోట్లో నువ్వుగింజ నానదు.

"అత్తమ్మా, గా ఆండాలు మన ఇంటికి ఎన్నేండ్ల నుంచి వస్తున్నది? ఆమె కొడుకు పేరు ఎట్ల చెప్పిండ్రు మీరు?"

"దేవుడి పేరు చెప్పిన."

"దేవుడు కిషన్‌బాగ్‌ల ఉంటడా?"

ఎంత నోరు! నేను గొంతు పెంచలేదు. తలుపు తీసి గల్లీ చూపించాను. "పో. పోయి అందరికీ చెప్పు, నా మొగునికి ఫలానా జబ్బు అని. రేపు నీ బ్యాంకుల నీ పక్కన ఎవరు కూర్చుంటరో చూస్త. మీ అమ్మ నిన్ను ఇంట్లకి రానిస్తదో లేదో చూస్త. నీ చేతి నీళ్ళు ఎవరు తాగుతరో చూస్త."

నిలబడి నిలబడి లోపలికి పోయింది. నేను అనుకున్నదే. ఆయన జపమాల తిప్పుతూ, తిప్పుతూ, అదే పూస దగ్గర ఆగిపోయారు.

జూన్ 30

మందు పనిచేస్తోంది. చిటికెనవేలు కాస్త లేస్తోంది. కానీ వాపుమందుకి వాడి ముఖం పున్నమి చంద్రుడిలా అయింది. ఇవాళ గుళ్ళో నాగమణమ్మ వాడిని పైనుంచి కిందికి చూసి, "టీచరమ్మా, కేన్సరోళ్ళు ఎండిపోతరంటరు. మన అయ్యగారికి బుగ్గలొచ్చినయేంది?" అంది. వెనక నిలబడ్డ ఇద్దరు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

"నీరు పట్టింది" అన్నాను. నమ్మినట్టే ఉంది, నమ్మనట్టూ ఉంది.

ఇంటికొచ్చి ఆ మందు తీసి బీరువాలో పెట్టాను. వేలు లేస్తోందిగా, ఇంకెందుకు? ఎక్కువ వాడితే ఎముకలు గుల్లబారతాయి. నేను సైన్సు చదివినదాన్ని. ఉన్నట్టుండి ఆపకూడదని డాక్టరు అన్న మాట గుర్తుంది, అందుకే రెండురోజులు సగం సగం ఇచ్చి ఆపుతాను.

అచ్యుత్ అడిగాడు, "డాక్టర్ ఆపమన్నదా అమ్మా?"

అన్నదని చెప్పాను.

జూలై 7

బుగ్గలు తగ్గాయి. ఆ ఆరునెలల గోళీలకి తోలు నల్లబడుతోంది. నాగమణమ్మ చూసి "కేన్సర్ మందుకు గిట్లనే నల్లగయితరట పాపం" అని కన్నీళ్ళు పెట్టుకుంది. మందు సరిగ్గా పనిచేస్తే ఇట్లా ఉంటుంది.

జూలై 9

ఆండాలు వచ్చింది. క్యాను లేదు. జుట్టు కూడా ముడేసుకోలేదు.

ఆరోగ్యకేంద్రం వాళ్ళు నిన్న వాళ్ళ గల్లీకి వచ్చారట. మురళి ఇల్లెక్కడని నలుగుర్ని అడిగారట. అందరూ కొండల్ ఇల్లు చూపించారు. పాలు పిండుతున్న మురళిని వాకిట్లో నిలబెట్టి అంగీ విప్పించి, వెలుతురులోకి తిప్పి తిప్పి చూశారు. మచ్చా లేదు, మాయా లేదు. కానీ వాళ్ళ పుస్తకంలో ఆ పేరుమీద గోళీలు పోయినట్టుంది కదా. చుట్టుపక్కల ఇళ్ళకి కూడా గోళీలు పంచారు. ఎందుకని అడిగితే చెప్పారు.

"కుష్ఠంట టీచరమ్మా! నా కొడుకుకు కుష్ఠంట! పొద్దుగాల పాలు పట్కపోతె ఒక్కరు గిన్నె పట్టలె. మొత్తం మోరీల పారవోసినం. ఎవడో మా పిల్లగాని పేరు చెప్పి మందు తింటున్నడు. వాని చేతులు పడిపోను!"

లోపల గదిలో ఏదో కిందపడ్డ చప్పుడైంది. అచ్యుత్ అక్కడే ఉన్నాడు.

"మీరు చదువుకున్నోళ్ళు. మీరొచ్చి ఒక్కమాట చెప్పుండ్రి టీచరమ్మా, గా డాక్టర్లకు. మీ కాల్మొక్త."

కాళ్ళు పట్టుకోబోయింది. వెనక్కి జరిగాను. చూస్తాను, మాట్లాడతాను అన్నాను. ఆమె ఎవడో అనుకుని శపించింది నా కొడుకుని, నా వాకిట్లోనే. అది ఎవరికీ పట్టదు.

జూలై 10

నిన్నటి ఏడుపు విన్న గల్లీ అంతా ఆండాలు దగ్గర పాలు మానేసింది. మేమొక్కరమే పోయించుకుంటే ఏమనుకుంటారు? పూజారి ఇల్లు. అభిషేకానికి వాడే పాలు. రేపటినుంచి వద్దని కొండల్‌కి కబురు పెట్టాను.

అచ్యుత్ రెండురోజులుగా అన్నం సరిగా తినడం లేదు. "ఆండాలమ్మకు చెప్దామమ్మా" అన్నాడు. "చెప్పు. తర్వాత స్వామికి నైవేద్యం ఎవరు పెడతారో అది కూడా చెప్పు" అన్నాను. స్వామి పేరెత్తితే వాడు ఆగిపోతాడు. చిన్నప్పటినుంచీ అంతే.

జూలై 14

గోళీల అట్ట అయిపోయింది. ఇప్పుడు కిషన్‌బాగ్ వెళ్తే పట్టుకుంటారు. కొన్నాళ్ళు ఆగుదాం. ఈలోపు ఏమీ కాదు.

జూలై 20

బోనాలు. గల్లీలో అడుగుపెట్టే సందులేదు. ఆండాలు బోనమెత్తుకుని వస్తే ముందూ వెనకా నడిచేవాళ్ళు ఎడంగా జరిగారట. నేను చూడలేదు. మేడమీద ఉన్నాను.

ఆగస్టు 2

అచ్యుత్ కుడిచేతి చివరి రెండువేళ్ళు వంగిపోయాయి. నా చేత్తో లేపి తిన్నగా పెడితే ఉంటాయి, వదిలితే మళ్ళీ ముడుచుకుంటాయి. చాలాసేపు అలా లేపుతూ కూర్చున్నాను. వాడు చిన్నప్పుడు ఈ వేళ్ళతోనే నా కొంగు పట్టుకుని స్కూలుకి వచ్చేవాడు. ఏడుపొచ్చింది. వీడి చేతిని నేను ప్రేమించినట్టు ఎవరు ప్రేమించారు?

అభిజ్ఞ సెలవుపెట్టి వాడిని ఇంద్రజ దగ్గరికి లాక్కుపోయింది. నేనూ వెంట వెళ్ళాను. ఆ పిల్ల ఆ చెయ్యి తిప్పిచూసి, వంగిన వేళ్ళు ఒక్కొక్కటే లేపి వదిలింది. నరాలు చూసే ఇంకో డాక్టరును కూడా పిలిపించింది.

"వాపుమందు ఎవరు ఆపమన్నరు?"

అభిజ్ఞ నావైపు చూసింది. అచ్యుత్ నేలవైపు చూస్తూ, "నేనే మర్చిపోయిన మేడమ్" అన్నాడు.

నా కడుపున పుట్టినందుకు అంతమాత్రం మంచితనం ఉంది. మందులు మళ్ళీ రాసిచ్చారు. చెయ్యి మళ్ళీ మామూలుగా అవుతుందా అని అడిగితే, ఇంద్రజ "ఇంక చెడిపోకుంట చూడాలె, గంతే" అంది. నిప్పుకి దూరంగా ఉంచమంది. పూజారిని నిప్పుకి దూరంగా ఉంచాలట!

ఆగస్టు 16, కృష్ణాష్టమి

ముందునుంచీ రాయాలి.

అష్టమినాడు స్వామికి మొదటి వెన్న కొండల్ ఇంటినుంచే వస్తుంది. వాళ్ళ తాతల కాలంనుంచి వస్తున్న ఆనవాయితీ. ఈ ఏడు రారనుకున్నాను. ఆండాలు వచ్చింది. తలస్నానం చేసి, కొత్తకుండలో వెన్నతో, ఒక్కతే. గుడి నిండా జనం. మెట్టుమీద కాలు పెట్టగానే నాగమణమ్మ గట్టిగా, "ఆడనే ఆగు" అంది. అందరూ నావైపు చూశారు. ఇలాంటప్పుడు టీచరమ్మ ఏమంటుందో చూస్తారు, ఎప్పుడూ అంతే.

"కుండ మెట్టుమీద పెట్టు ఆండాలూ. లోపలికి రాకు" అన్నాను. మెల్లగానే అన్నాను.

ఆమె పెట్టలేదు. కుండ చేతిలోనే పట్టుకుని గడప బయట నిలబడింది. అచ్యుత్ లోపలినుంచి చూశాడు. వాడి ముఖం నల్లగా, ఎండిపోయి, అచ్చం కేన్సరు మనిషిలాగే ఉంది. హారతి వెలిగించాడు. గంట ఎడమచేతిలో, పళ్ళెం కుడిచేతిలో. ఆ రెండువేళ్ళు పళ్ళెం కిందికి పోవు కదా, పళ్ళెం ఒరిగింది. మండుతున్న కర్పూరం జారి వాడి వేళ్ళ సందులోకి వచ్చి కూర్చుంది.

వాడికి తెలియలేదు. స్వామి ముఖం చూస్తూ హారతి తిప్పుతూనే ఉన్నాడు. జనమంతా కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. నేను కళ్ళు మూసుకోలేదు. నాకు కనిపించింది. వేలు కాలడం కనిపించింది, వాసన కూడా వచ్చింది. అరిస్తే, వాడికి స్పర్శ లేదని అందరికీ తెలుస్తుంది. హారతి ముగిసిపోతుంది, ఇంకొక్క క్షణం, ఇంకొక్క చుట్టు అనుకున్నాను.

ఆండాలు అరిచింది. గడప దాటి, జనాన్ని తోసుకుంటూ గర్భగుడి ముందుకి ఉరికి, ఉత్తచేత్తో ఆ కర్పూరాన్ని కొట్టేసింది. కుండలో చెయ్యిపెట్టి స్వామి వెన్న తీసి వాడి వేళ్ళకి పట్టించింది. "చెయ్యి కాలుతున్నది కొడుకా, చెయ్యి కాలుతున్నది" అని ఏడుస్తోంది. పళ్ళెం దొర్లి చప్పుడైంది.

"ముట్టుకున్నది! అయ్యగార్ని ముట్టుకున్నది!" నాగమణమ్మ గొంతు. "కుష్ఠు చేత్తోటి ముట్టుకున్నది!"

అప్పుడు అచ్యుత్ మాట్లాడాడు. మంత్రం చదివే గొంతుతో, అందరికీ వినబడేలా.

"కుష్ఠు నాకే. ఆండాలమ్మకు లేదు, మురళికి లేదు. నాకున్నది."

నా ప్రాణం పోయిందనుకున్నాను.

నాగమణమ్మ నెమ్మదిగా చేతులు జోడించింది. కళ్ళనిండా నీళ్ళు. "సూడుండ్రి, దేవుడంటె గిట్లుంటడు. తను కేన్సర్‌తోటి సస్తున్నడు, ఆమె మీద మాట పడొద్దని తనమీద ఏస్కుంటున్నడు" అంది. ఎవరో "వేణుగోపాలా!" అన్నారు. ఎవరో వంగి వాడి పాదాలకి మొక్కారు. "నిజమే చెప్తున్న, నిజమే" అని వాడు అరుస్తున్నాడు. అరిచినకొద్దీ మొక్కుతున్నారు.

ఆండాలు ఒక్కతే వాడి మాట విన్నది. వాడి చేతిని విప్పి, వంగిన వేళ్ళు చూసింది, ముంజేతిమీద మచ్చ చూసింది. కాలినా కదలని చెయ్యి. తర్వాత తల తిప్పి నన్ను చూసింది.

"టీచరమ్మా" అంది. అరవలేదు. "మీరు చెప్పుండ్రి. మీరు చెప్తె నమ్ముతరు."

నిజమే, నేను చెప్తే నమ్ముతారు. ఈ గల్లీలో సగంమంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే.

"అయ్యగారి చెయ్యి వదులు ఆండాలూ" అన్నాను. "దూరం జరుగు."

ఆమెను బయటికి నెట్టారు. కుండ పగిలింది. సాయంత్రం సంప్రోక్షణ చేయించాం. మంత్రాలు ఆయన చదివారు. అచ్యుత్ రాలేదు.

ఆగస్టు 18

పొద్దునే అచ్యుత్, అభిజ్ఞ ఆరోగ్యకేంద్రానికి వెళ్ళొచ్చారు. మా వైపు కేంద్రానికే. నన్ను అడగలేదు. అసలు పేరు, అసలు చిరునామా, ఆధార్ అన్నీ ఇచ్చేశామని అభిజ్ఞ వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది. రేపు వాళ్ళు మా గల్లీకి వస్తారు. ఇంటింటికీ గోళీలు ఇస్తారు. ఆ తర్వాత ఇద్దరూ కిషన్‌బాగ్ వెళ్ళి ఆండాలు ఇంట్లో కూర్చుని, కొండల్ గల్లీ మొత్తానికీ చెప్తారట.

"ఇగ మీరు ఏమన్న చేసుకోండి అత్తమ్మా" అంది.

అచ్యుత్ పక్కనే నిలబడ్డాడు, చేతికి కట్టు. వాడి మంచికోసం ఇంత చేశాను. నా ముఖం కూడా చూడలేదు.

వాళ్ళు బయటికి పోయాక చాలాసేపు అరుగుమీద కూర్చున్నాను. నాగమణమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఎవరో కేంద్రంలో అచ్యుత్‌ని చూశారట. చెవిలో అడిగింది.

"అయ్యగారు కుష్ఠు కిటికీ కాడ ఉన్నడట, నిజమేనా?"

నిజమే అన్నాను.

ఆమె బుగ్గలు నొక్కుకుంది. కాసేపు లెక్కలేసుకుంది. "మొన్న ఆండాలు పట్టుకున్నది కదా చెయ్యి" అంది. ఆ మాట నేను అనలేదు. ఆమే అంది. తర్వాత నావైపు వంగి, పిల్లలు పాఠం అడిగినట్టు, నమ్మకంగా అడిగింది.

"ఒక్కపారి ముట్టుకుంటెనే వస్తదా టీచరమ్మా?"

వస్తది అన్నాను.